పక్కోడు చెప్పేశాడంట

ఇద్దరు దొరికారు. సిరుగుప్ప వైపు నుంచి బైకు మీద కర్ణాటక మద్యం తెస్తూ దొరికిన కుర్రాళ్లు కావచ్చు, మట్కా చీటీలు రాస్తూ దొరికినవాళ్లు కావచ్చు, పొలం గట్టు తగాదాలో మనిషి ప్రాణం పోతే పట్టుబడ్డ అన్నదమ్ములు కావచ్చు. ఒకణ్ని ఈ గదిలో, ఇంకొకణ్ని ఆ గదిలో కూర్చోబెడతారు. కాసేపయ్యాక వినబడే మాట ఒకటే. "నీ పక్కోడు మొత్తం చెప్పేసినాడు. నువ్వూ ఒప్పుకుంటే తక్కువలో పోతాది." స్టేషన్ ఆదోనిదైనా, ఎమ్మిగనూరుదైనా, అమెరికాలో ఏ ఊరిదైనా ఈ మాటలో పెద్ద తేడా ఉండదు. విన్నవాడు ఆ రాత్రి ఏం చెయ్యాలి? ఒప్పుకోవాలా, నోరు మూసుకుని ఉండాలా?

ఈ ప్రశ్నను లెక్కగా మార్చినవాళ్లు అమెరికాలోని రాండ్ సంస్థ గణితజ్ఞులు మెరిల్ ఫ్లడ్, మెల్విన్ డ్రెషర్. 1950 జనవరిలో వాళ్లొక ఆట తయారుచేశారు. ప్రిన్స్‌టన్ ఆచార్యుడు ఆల్బర్ట్ టక్కర్ అదే ఏడు స్టాన్‌ఫర్డ్‌లో మనస్తత్వ శాస్త్రం వాళ్ల ముందు మాట్లాడవలసి వచ్చి, ఉత్త అంకెలు చెబితే వినరని దానికి ఇద్దరు ఖైదీల కథ తొడిగాడు. శిక్షల అంకెలు పుస్తకానికో రకంగా ఉంటాయి. ఇద్దరూ నోరు మెదపకపోతే చెరి ఏడాది. ఇద్దరూ ఒప్పుకుంటే చెరి ఐదేళ్లు. ఒకడు ఒప్పుకుని రెండోవాణ్ని పట్టిస్తే చెప్పినవాడు ఇంటికి, చెప్పనివాడు పదేళ్లు లోపలికి. ఇప్పుడు ఒకడి వైపు నుంచి చూడండి. పక్కోడు చెప్పడనుకుంటే నేను చెప్పేస్తే ఏడాది కూడా తప్పుతుంది. చెప్పేస్తాడనుకుంటే నేనూ చెబితే పదేళ్లు ఐదవుతాయి. ఎటు చూసినా చెప్పడమే లాభం. ఇద్దరూ ఇదే లెక్క వేసుకుని, ఏడాదితో పోయేదానికి ఐదేళ్లు జైల్లో కూర్చుంటారు.

ఆర్థికశాస్త్రం చదివే పిల్లలకు ఇది మొదటి పాఠాల్లోనే వస్తుంది. అణ్వాయుధాల పోటీ నుంచి చేపల వేట దాకా దేన్నైనా దీనితో వివరిస్తారు. లెక్కలో తప్పేమీ లేదు. అయితే ఆ ఒకటి, ఐదు, పది, సున్నా అనే అంకెలను ఎవరు వేశారన్నదే అసలు సంగతి. కథలో అవి పోలీసు నోటి నుంచి వస్తాయి, ఖైదీలు వాటిని నిజమని నమ్ముతారు. మన దేశంలో ఆ అంకెలు వేసే అధికారం పోలీసుకు లేదు. ఈ ఒక్క ముక్క తెలిస్తే స్టేషన్‌లో కూర్చున్నవాడి లెక్క మొత్తం మారిపోతుంది.

పోలీసుకు ఆ అధికారం ఎందుకు లేదో తెలియాలంటే మన నేల చరిత్రలోకే పోవాలి. ఆదోని తాలూకా 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా బళ్లారి జిల్లాలో ఉండేది. ఎమ్మిగనూరు ఆ తాలూకాలో ఊరు. మద్రాసు ప్రెసిడెన్సీలో శిస్తు వసూలుకూ నేరం ఒప్పించడానికీ మనుషుల్ని హింసిస్తున్నారని 1854లో లండన్ పార్లమెంటులో గొడవైంది. దానిపై వేసిన విచారణ సంఘం 1855లో నివేదిక ఇచ్చింది. మద్రాసు బారిస్టరు నార్టన్ అందులో సభ్యుడు. రెండు చెక్కల మధ్య వేళ్లు పెట్టి నొక్కే సాధనాన్ని అరవ జిల్లాల్లో కిట్టి అనేవారని, తెలుగు జిల్లాల్లో చిరత అనేవారని ఆ నివేదిక పేర్లతో సహా రాసింది. ఆ రోజుల్లో పోలీసు పనీ శిస్తు పనీ ఒకే మనుషుల చేతుల్లో ఉండేవి. శిస్తు రాబట్టిన చిరతతోనే నేరమూ రాబట్టేవారు.

పోలీసు ముందు ఒప్పుకున్న మాటను కోర్టు చూడకూడదన్న నియమం 1861 నాటి క్రిమినల్ ప్రొసీజర్ చట్టంలోకి వచ్చింది. 1872 సాక్ష్య చట్టంలో అదే 25, 26 సెక్షన్లయింది. 2024 జులై 1 నుంచి అమలవుతున్న భారతీయ సాక్ష్య అధినియమంలో రెండూ కలిసి 23వ సెక్షన్ కింద ఉన్నాయి. పోలీసు అధికారికి చెప్పిన ఒప్పుకోలు చెప్పినవాడి మీద రుజువు చెయ్యడానికి వీల్లేదు. పోలీసు కస్టడీలో ఉండగా ఎవరికి చెప్పినా, మేజిస్ట్రేటు ఎదుట చెబితే తప్ప, అదే గతి. సంతకం పెట్టినా, వీఆర్వోలను కూర్చోబెట్టి మధ్యవర్తుల రిపోర్టు రాయించినా ఆ నియమం మారదు. ముసుగులేసిన ముద్దాయిలను వరసగా నిలబెట్టి "నేరం అంగీకరించారు" అని విలేకరుల ముందు చెప్పే సమావేశాలను రోజూ చూస్తుంటాం. పత్రికలో పడే ఆ వాక్యం కోర్టు గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. చదివేవాళ్లలో ఎంతమందికి ఈ సంగతి తెలుసో అనుమానమే.

మద్యం కేసుల్లో ఇంకో మెలిక ఉంది. 2020 నుంచి 2024 దాకా సరిహద్దు చెక్‌పోస్టుల్లో కనబడింది స్పెషల్ ఎన్‌ఫోర్స్‌మెంట్ బ్యూరో, ఇప్పుడు ఎక్సైజ్ శాఖ. పట్టుకున్న అధికారి ఖాకీ వేసుకున్నంత మాత్రాన పోలీసు అవుతాడా? ఎక్సైజ్ అధికారికి పోలీసు దర్యాప్తు అధికారాలన్నీ చట్టం ఇచ్చినప్పుడు అతనూ పోలీసు కిందకే వస్తాడని, అతని ముందు ఒప్పుకున్నది చెల్లదని రాజారాం జైస్వాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అది బీహార్ చట్టం మీద వచ్చిన తీర్పు. మాదకద్రవ్యాల అధికారుల విషయంలో 2020లో తూఫాన్ సింగ్ కేసులోనూ కోర్టు ఆ దారే పట్టింది.

ఇక ఈ నియమానికి ఉన్న మినహాయింపు. దీన్ని అర్థం చేసుకోవడానికి ఒక తెలుగు కేసు చాలు. పులుకూరి కోటయ్య కేసు పేరు దేశంలోని ప్రతి క్రిమినల్ వకీలు నోటా వినిపిస్తుంది. 1940లలో గుంటూరు జిల్లాలో ఒక ఊరి రెండు వర్గాల మధ్య జరిగిన హత్యల కేసు అది. మద్రాసు హైకోర్టు దాటి లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా పోయింది. 1947 నాటి లా రిపోర్టుల్లో ఆ తీర్పు ఉంది. ముద్దాయిల్లో ఒకడు పోలీసులకు చెప్పిన మాటల సారం ఇది. పొద్దుగూకే వేళ చెరువు మూల కాపు వేసి అవతలి వర్గం వాళ్లను కొట్టి చంపాం. మావాడొకడికి చేతుల మీద దెబ్బలు తగిలాయి. వాడి ఈటె నాకిచ్చాడు. దాన్నీ నా కర్రనూ ఫలానావాళ్ల గడ్డివాములో దాచాను, వస్తే చూపిస్తాను. ఇదంతా కోటయ్య పురమాయిస్తే చేశాం.

పక్కోణ్ని పట్టించడమంటే ఇదే కదా? పేరు చెప్పాడు, పాత్ర చెప్పాడు, పురమాయించినవాణ్నీ చూపించాడు. ప్రివీ కౌన్సిల్ ఈ మాటలను జల్లెడ పట్టింది. పోలీసులకు చెప్పిన మాట వల్ల ఏదైనా వస్తువు దొరికితే, ఆ దొరకడానికి నేరుగా సంబంధించిన ముక్క మాత్రం చెల్లుతుందని పాత సాక్ష్య చట్టం 27వ సెక్షన్ చెప్పింది. కాబట్టి గడ్డివాములో దాచాను, చూపిస్తాను అన్న ముక్క నిలిచింది. చెరువు మూల కాపు వేసిందీ, కొట్టి చంపిందీ, మావాడు ఈటె ఇచ్చిందీ, కోటయ్య చెప్పిందీ అన్నీ జల్లెడలోంచి రాలిపోయాయి. దొరికిన వస్తువును ఎవరు ఎక్కడ దాచారో అతనికి తెలుసన్న సంగతి వరకే రుజువు. దానితో పొడిచాడన్నది వేరే సాక్ష్యంతో తేల్చుకోవాలి. ప్రభుత్వం తరఫు వాదన ఒప్పుకుంటే ఏమవుతుందో కూడా న్యాయమూర్తులు సన్నగా వెటకారమాడారు. ఒప్పుకోలులో ఒక వస్తువు ప్రస్తావన జొప్పిస్తే చాలు నిషేధం ఎగిరిపోతుందంటే, ఆ మాత్రం ప్రస్తావన చెప్పించే నేర్పు పోలీసులకు లేకపోదని. చిరత రోజులు వాళ్లకు గుర్తున్నట్టే ఉంది.

ఈ తీర్పు వచ్చి ముప్పావు శతాబ్దం దాటినా కింది కోర్టుల్లో ప్రతి హత్య కేసులోనూ ఇదే తగువు. కత్తి దొరికిన పంచనామాలో ఎంత చదవాలి, ఎంత కొట్టెయ్యాలి అని. స్టేషన్‌లో కూర్చున్నవాడికి దీని అర్థం ఏమిటంటే, నోటి మాటకన్నా చూపించిన చోటుకే ప్రమాదం ఎక్కువ. "నేనే చేశాను" అన్నది చెల్లదు. "కందుల బస్తాల వెనక పెట్టాను, రండి" అన్నది చెల్లుతుంది.

మరి పక్కోడు నా పేరు చెప్పేశాడన్న బెదిరింపు సంగతి? పోలీసులకు చెప్పి ఉంటే అతని మీదే చెల్లని మాట నా మీద ఎలా చెల్లుతుంది? మేజిస్ట్రేటు ముందు చెప్పి ఉంటే వేరే సంగతి. ఇద్దర్నీ ఒకే నేరానికి కలిపి విచారిస్తున్నప్పుడు, ఒకడు తననూ కలుపుకుని చేసిన ఒప్పుకోలును రెండోవాడి విషయంలోనూ కోర్టు పరిగణించవచ్చు. పాత 30వ సెక్షన్, ఇప్పుడు 24. అయితే దాన్నే పట్టుకుని శిక్ష వెయ్యకూడదని 1952లో కశ్మీరా సింగ్ కేసులో, 1964లో హరిచరణ్ కుర్మీ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ముందు మిగతా సాక్ష్యమంతా విడిగా చూడాలి. అది శిక్షకు సరిపోయేట్టు ఉండి, న్యాయమూర్తి మనసులో ఇంకా ఊగిసలాట ఉంటే అప్పుడు ధీమా కోసం ఆ ఒప్పుకోలు వైపు చూడాలి. ఇల్లంతా కట్టాక వేసే సున్నంలాంటిది అది, గోడలు దానితో లేపలేరు. ఇన్ని ఆంక్షలు పెట్టడానికి కారణం ఉంది. ఒప్పుకున్న ముద్దాయిని ప్రమాణం చేయించి బోనులో నిలబెట్టరు, నా తరఫు వకీలు అతనికి అడ్డు ప్రశ్నలు వేసే వీలూ ఉండదు.

ఇక్కడిదాకా వచ్చాక టక్కర్ లెక్కలోని "చెప్పనివాడికి పదేళ్లు" అన్న అంకె చెరిగిపోతుంది. భయపెట్టే అంకె అదే. అది లేకపోతే ఆటే లేదు.

స్టేషన్‌లో జనం చేసే అసలు పొరపాటు పూర్తిగా ఒప్పుకోవడం కూడా కాదు, సగం ఒప్పుకోవడం. "నేను పోయిండేది నిజమే సార్, గానీ నేను కొట్టలేదు." ఇలా అంటే తప్పించుకోవచ్చని, నేరమంతా పక్కోడి మీదికి పోతుందని అనుకుంటారు. చట్టంలో ఉమ్మడి ఉద్దేశం అని ఒకటుంది, గుంపులో ఉండడం అని ఇంకొకటుంది. పాత శిక్షాస్మృతిలో 34, 149 సెక్షన్లు, కొత్త దానిలో 3(5), 190. ఐదుగురూ అంతకుమించీ కలిసి నేరానికి పోతే, కర్ర ఎవరి చేతిదైనా గుంపులో ప్రతివాడూ హంతకుడే. పోస్టాఫీసు హత్య కేసుగా పేరుపడిన బరేంద్రకుమార్ ఘోష్ వ్యవహారంలో ప్రివీ కౌన్సిల్ 1925లోనే చెప్పింది, బయట కాపలా నిలబడినవాడూ పనిలో భాగస్థుడేనని. ఫ్యాక్షన్ కేసుల్లో ఇది ప్రాణం మీదికి వచ్చే మాట. దేవనకొండ మండలం కప్పట్రాళ్ల వెంకటప్ప నాయుడు, ఆయన అనుచరులు 2008లో హతమైన కేసులో ఆదోని కోర్టు 2014లో చాలామందికి ఒకేసారి యావజ్జీవ శిక్ష వేసింది. గుంపు కేసుల్లో ఎవరి చేతి దెబ్బకు ఎవరు పోయారన్నది చాలాసార్లు అడగనవసరం లేని ప్రశ్న. స్టేషన్‌లో అన్న ఆ సగం మాటనే మేజిస్ట్రేటు ఎదుటా చెప్పినవాడు ఏ పేరూ చెప్పకుండానే తన మెడకు తాడు వేసుకున్నట్టు.

చెప్పినవాడు ఇంటికి పోతాడన్న నాలుగో అంకె మన దగ్గర ఉందా? ఉంది, అలా క్షమాభిక్షతో బయటపడేవాణ్నే అప్రూవర్ అంటాం. ఆ క్షమాభిక్ష ఇచ్చేది పోలీసు కాదు, మేజిస్ట్రేటో సెషన్స్ కోర్టో. సెషన్స్ కోర్టు మాత్రమే విచారించాల్సిన నేరాలకు, ఏడేళ్లు అంతకుమించి శిక్ష పడే నేరాలకు మాత్రమే. తనకు తెలిసిందంతా, తన పాత్రతో సహా, దాచకుండా చెబుతానన్న షరతు మీద క్షమాభిక్ష. కొత్త నాగరిక్ సురక్షా సంహితలో 343 నుంచి 345 దాకా సెక్షన్లు. ఏదైనా దాస్తే మళ్లీ ముద్దాయి అవుతాడు, అప్పుడు అతను చెప్పిందంతా అతని మీదికే తిరుగుతుంది. అన్నిటికన్నా జనానికి తెలియని నియమం ఒకటుంది. క్షమాభిక్ష దొరికే నాటికి బెయిలు మీద లేని అప్రూవర్‌ను విచారణ ముగిసేదాకా జైల్లోనే ఉంచాలి. మన సెషన్స్ విచారణలు ఎన్నేళ్లు సాగుతాయో తెలిసినవాళ్లకు టక్కర్ కథలోని సున్నా అంకె విలువ వెంటనే అర్థమవుతుంది. కొన్ని కేసుల్లో హైకోర్టులు కనికరించి వదిలాయి, అంతే.

రాయలసీమలో ఈ మధ్య అందరికీ తెలిసిన అప్రూవర్ కథ వై.ఎస్. వివేకానంద రెడ్డి హత్య కేసుది. 2019 మార్చి 15న పులివెందులలో హత్య జరిగింది. సీబీఐ దర్యాప్తులో ఆయన మాజీ డ్రైవర్ మేజిస్ట్రేటు ముందు వాంగ్మూలమిచ్చి 2021లో క్షమాభిక్ష పొందాడు. ఎవరి నేరమేమిటో తేల్చాల్సింది కోర్టు, దాని జోలికి మనం పోనక్కర్లేదు. కానీ ఒకటి గమనించాలి. కడపలో విచారణ సవ్యంగా సాగదన్న కుటుంబ సభ్యుల భయంలో అర్థముందని 2022 నవంబరులో సుప్రీంకోర్టు కేసును హైదరాబాద్‌కు మార్చింది. ఒకడు నోరు విప్పాక ఊరు, జిల్లా, రాజకీయం అన్నీ ఆ కేసులోకి వచ్చేస్తాయి. గణితజ్ఞుల పట్టికలో వీటికి గడులు లేవు.

అప్రూవర్ మాట బరువెంత అన్నదానిపై చట్టం రెండు నాలుకలతో మాట్లాడుతూ వచ్చింది. సహనేరస్థుడి సాక్ష్యం మీదే శిక్ష వేసినా అది చట్టవిరుద్ధం కాదని పాత సాక్ష్య చట్టం 133వ సెక్షన్, వేరే ఆధారం లేకుంటే అతన్ని నమ్మలేమని అనుకోవచ్చని 114వ సెక్షన్ ఉదాహరణ. కోర్టులు రెండోదాన్నే ఆచరణగా చేసుకున్నాయి. 2023 నాటి కొత్త చట్టం 138వ సెక్షన్‌లో మాట మార్చి, ఇతర ఆధారాలతో బలపడిన సాక్ష్యం మీద శిక్ష వేస్తే అది చట్టవిరుద్ధం కాదని రాసింది. న్యాయమూర్తులు అలవాటుగా పాటించినది ఇప్పుడు అక్షరాల్లోకి ఎక్కింది. పక్కోణ్ని పట్టించి బయటపడాలనుకునేవాడికి ఇది ఇంకో అడ్డం. అతని మాటకు తోడు వేరే రుజువు లేకపోతే ప్రాసిక్యూషన్‌కు అతను పనికిరాడు, పనికిరానివాడికి క్షమాభిక్ష ఎవరిస్తారు?

చిన్న కేసుల్లో పరిస్థితి దీనికి తలకిందులుగా ఉంటుంది. 1974 నాటి గేమింగ్ చట్టం కింద పేకాటకో మట్కాకో దొరికితే కోర్టులో తప్పు ఒప్పుకుని జరిమానా కట్టి పోతారు. పదిమంది ఒకేసారి ఒప్పుకుంటారు, అందులో పక్కోణ్ని పట్టించడమన్న మాటే రాదు. పనులు మానుకుని వాయిదాలకు తిరిగే ఖర్చుతో పోలిస్తే ఆ లెక్క సరైనదే. చదువుకునే కుర్రాడో, ఉద్యోగానికి పోలీసు వెరిఫికేషన్ ఎదురుచూస్తున్నవాడో అయితే ఆ ఒప్పుకోలు కాగితం తర్వాత వెంటాడుతుందని ఎవరూ చెప్పరు. మద్యం కేసులో మోసుకొచ్చే కుర్రాడు ఎక్కడ కొన్నాడో, ఎవరికి చేరుస్తున్నాడో చెప్పడు. అతని మౌనానికి కారణం విశ్వాసమని నేననుకోను. మర్నాడు మళ్లీ పని ఇచ్చేది, బెయిలుకు మనుషుల్ని తెచ్చేది ఆ సరుకు యజమానే.

ఈ మర్నాడు అన్నది లెక్కలోకి రాగానే గణితజ్ఞుల జవాబు కూడా మారింది. నిజానికి మొదటి ఆటలోనే మారింది. ఫ్లడ్, డ్రెషర్ 1950లో ఇద్దరు మిత్రుల చేత ఆ ఆటను వరసగా వందసార్లు ఆడించారు. లెక్క ప్రకారం ప్రతిసారీ ఒకర్నొకరు ముంచుకోవాలి, కానీ అరవైసార్లు ఇద్దరూ సహకరించారు. 1980లో రాబర్ట్ ఆక్సెల్‌రాడ్ కంప్యూటర్ ప్రోగ్రాముల మధ్య పోటీ పెడితే అనటోల్ రాపపోర్ట్ పంపిన చిన్న ప్రోగ్రాము గెలిచింది. మొదట సహకరించు, తర్వాత అవతలివాడు కిందటిసారి ఏం చేశాడో అదే చెయ్యి. మళ్లీ కలవక తప్పనివాళ్ల మధ్య ద్రోహం గిట్టుబాటు కాదు. జర్మనీలోని లోయర్ సాక్సనీ మహిళా జైలులో ఇద్దరు ఆర్థికవేత్తలు ఈ ఆట ఆడించి 2013లో ఫలితాలు అచ్చువేశారు. విద్యార్థుల్లో 37 శాతం సహకరిస్తే, నిజం ఖైదీల్లో 56 శాతం సహకరించారు. ఖైదీలకు పందెం కాఫీ, సిగరెట్లు. బయట ఇది చాలామందికి వింతగా తోచింది. మన పల్లెల్లో పుట్టినవాళ్లకు తోచదు.

హొళగుంద మండలం దేవరగట్టులో దసరా రాత్రి బన్ని ఉత్సవంలో కర్రలు లేస్తాయి. మాళ మల్లేశ్వరస్వామి విగ్రహాల చుట్టూ నెరణికి, నెరణికి తండా, కొత్తపేట వాళ్లు ఒకవైపు, మిగతా ఊళ్లవాళ్లు ఇంకోవైపు. ఏటా పదులమందికి తలలు పగులుతాయి, కొన్నేళ్లు ప్రాణాలూ పోయాయి. పగిలిన తలకు బండారు అద్దుకుని పోతారు. ఫలానావాడు కొట్టాడని పేరు పెట్టి చెప్పేవాళ్లు కనబడరు. వందలమంది పోలీసులు కాపలా ఉన్నా సాక్షి దొరకని చోటది. ఇక్కడ మౌనం ఎవరూ వేసుకున్న లెక్క కాదు. చెబితే పడే శిక్ష ఊళ్లోనే ఉంటుంది, దాని ముందు కోర్టు శిక్ష చాలా దూరం.

టక్కర్ లెక్క అచ్చంగా అతికే చోటు స్టేషన్‌కన్నా తుంగభద్ర దిగువ కాలువ గట్టు. కర్ణాటక మీదుగా వచ్చి ఆదోని, ఎమ్మిగనూరు పొలాలను తడపాల్సిన కాలువ అది. మన రాష్ట్రానికి కేటాయింపు 24 టీఎంసీలు, ఆయకట్టు లక్షన్నర ఎకరాలు. పై గట్టున మోటారు వేసే ప్రతి రైతుదీ ఒకే మాట. "నేను వెయ్యకపోతే పక్కోడు వేస్తాడు." చివరి తూములకు నీళ్లు రావు. ఆ గట్టు మీద పక్కోడి మాటను జల్లెడ పట్టే చట్టం లేదు, వకీలు లేడు, మర్నాడు మొహం చూడవలసిన అవసరం లేదు. పై రైతూ కింది రైతూ వేర్వేరు రాష్ట్రాలవాళ్లు.

తిరిగి స్టేషన్‌కు. మౌనం హక్కేనా? రాజ్యాంగం 20(3) అధికరణం నీ మీద నువ్వే సాక్ష్యం చెప్పమని ఎవరూ బలవంతపెట్టకూడదంటుంది. దర్యాప్తు అధికారి అడిగినదానికి జవాబు చెప్పాల్సిందే, నేరంలోకి లాగే ప్రశ్నకు తప్ప. ఈ మినహాయింపును 1978లో నందినీ శత్పథి కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ విస్తరించారు. ఒడిశా మాజీ ముఖ్యమంత్రి కాబట్టి ఆమెకు మౌనం నిలబెట్టుకునే శక్తి ఉంది. కోసిగి నుంచి వచ్చిన కూలీకి అంత శక్తి ఎక్కణ్నుంచి వస్తుంది? అందుకే ఆ తీర్పులోని రెండో సగం, ప్రశ్నించేటప్పుడు వకీలు దగ్గర ఉండాలన్నది, మొదటి సగంకన్నా ముఖ్యమని నా అభిప్రాయం. తర్వాత చట్టం దాన్ని కుదించింది. విచారణ మధ్యలో వకీలును కలవొచ్చు, మొదటి నుంచి చివరి దాకా కూర్చోబెట్టుకోలేరు. నోరు విప్పకపోవడాన్ని దర్యాప్తుకు సహకరించకపోవడంగా చూపి కస్టడీ అడగడం మామూలే. నేరం ఒప్పుకోనంత మాత్రాన సహకరించనట్టు కాదని 2023లో పంకజ్ బన్సల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. వకీలు ఫీజు కట్టలేనివాడికి ప్రతి కోర్టు ఊళ్లోనూ న్యాయసేవా కమిటీ ఉంది. 15100కు ఫోన్ చేసినా చాలు. అరెస్టయిన 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి, ప్రయాణ సమయం మినహా.

ఇవన్నీ నేరస్థులను కాపాడే చిట్కాలేనా అని అడిగేవాళ్లుంటారు. అడగాల్సిందే. చచ్చిపోయినవాడి భార్య పక్కన కూర్చుని చూస్తే ఈ వ్యాసమంతా హంతకుల తరఫు వకాల్తాలా కనబడుతుంది. అయితే టక్కర్ కథలో ఖైదీలిద్దరూ నిజంగా నేరం చేసినవాళ్లని మొదటి వాక్యంలోనే తేల్చేశారు. స్టేషన్‌లో అది ఎవరికీ తెలియదు. 2007 డిసెంబరులో విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం హాస్టల్‌లో ఒక ఫార్మసీ విద్యార్థిని హత్య జరిగింది. నేరం ఒప్పుకున్నాడంటూ పోలీసులు చూపించిన యువకుడికి 2010లో యావజ్జీవ శిక్ష పడింది. 2017 మార్చి 31న హైకోర్టు అతన్ని నిర్దోషిగా వదిలి, దర్యాప్తు చేసినవాళ్లను తప్పుపట్టింది. అప్పటికి అతను ఎనిమిదేళ్లకు పైగా జైల్లో గడిపాడు. పక్కోడు చెప్పేశాడన్న మాటకు నేరం చేసినవాడికన్నా చెయ్యనివాడే త్వరగా బెదురుతాడు. తనమీద ఏముందో వాడికి తెలియదు.

నేరం చేసి పశ్చాత్తాపపడేవాడికి చట్టం ఒక గుమ్మం తెరిచే ఉంచింది, అది స్టేషన్‌ది మాత్రం కాదు. ఒప్పుకోలు రాసుకునే మేజిస్ట్రేటు ముందే హెచ్చరించాలి. ఇది చెప్పాలన్న నిర్బంధం నీకు లేదు, చెబితే నీ మీదే వాడతారు అని. పోలీసుల నీడ తొలగేలా కనీసం ఒకరోజు ఆలోచించుకునే వ్యవధి ఇవ్వడం మంచిదని 1957లో సర్వణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు సూచించింది. చెప్పనని వెనక్కి తగ్గితే తిరిగి పోలీసు కస్టడీకి పంపకూడదు. ఏడేళ్లలోపు శిక్ష పడే కేసుల్లో శిక్ష తగ్గింపు బేరం కోసం 2006 నుంచి కోర్టులోనే దారి ఉంది, దాన్ని వాడుకునేవాళ్లు చాలా తక్కువ. ఈ రెండు దారులూ వకీలుతో మాట్లాడాక వేసే అడుగులు. అప్రూవర్ విషయంలోనూ అంతే. క్షమాభిక్ష అడిగే ముందు తన దగ్గరున్న మాటకు తోడు వచ్చే రుజువు ఏముందో, బెయిలు చేతిలో ఉందో లేదో, సాక్షుల రక్షణకు సుప్రీంకోర్టు 2018లో ఆమోదించిన పథకం కింద దరఖాస్తు పెట్టాలో వద్దో చూసుకోవాలి. ఇద్దరిలో ఎవరికి క్షమాభిక్ష ఇవ్వాలన్నది కోర్టు ఇష్టం. నేరంలో తక్కువ పాత్ర ఉన్నవాణ్ని ఎంచుకోవాలని న్యాయమూర్తులు చెబుతూ వచ్చారు. ఎవరిది తక్కువ పాత్రో ఆ రోజుకు తెలిసేది ఆ ఇద్దరికే.